పరిశోధన స్థానం నివేదికలో చూసిన కొత్త కల్చర్‌ను ఈ వానాకాలం ఆరెకరాల్లో వేయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా: నర్సంపేట దగ్గర ఆరెకరాల వరి పొలం. ఒక పరిశోధన స్థానం వాళ్ల గత ఏడాది ప్రగతి, వచ్చే ఏడాది ప్రణాళిక మీ ఫోన్‌కు వచ్చింది. అందులో ఒక సన్నగింజ కల్చర్ (ఇంకా విడుదల కాని కొత్త రకం) చెక్ రకం (పోలికకు పక్కన వేసేది) కన్నా 11 శాతం ఎక్కువ దిగుబడి ఇచ్చిందని, రెండో ఏడాది, రైతుల పొలాల్లో వేసి చూడమని చిన్న సంచుల్లో ఇచ్చే మినీకిట్‌లో ఉందని రాశారు. ఊళ్లో ఒకాయన ఆ విత్తనం ఇస్తానంటున్నాడు. మొత్తం పొలంలో వేసేయొచ్చా? ప్రణాళికలో రాసిన మిగతావి మనకు ఎందుకైనా పనికొస్తాయా?

ఆరెకరాలు వద్దు, ఆరు గుంటలు (ఎకరాకు 40 గుంటలు) వేయండి. మూడు గుంటల్లో ఆ కల్చర్, పక్కనే మూడు గుంటల్లో మీరు ఏటా వేసే రకం. మిగతా పొలమంతా విడుదలై, మీ నేలకు, మీ నీళ్లకు ఇప్పటికే సరిపడిన రకమే ఉండాలి. కల్చర్ మంచిదే కావచ్చు. కానీ ఆ 11 శాతం మీ పొలానికి వర్తిస్తుందో లేదో నివేదికలోని ఆ ఒక్క వాక్యం చెప్పలేదు. దాని కింద ఉన్న పట్టిక కొంత చెప్తుంది, మీ ఆరు గుంటలు మిగతాది చెప్తాయి.

ఇలాంటి నివేదికల్లో మూడు దశల సంగతులు పక్కపక్కనే, ఒకే గొంతుతో రాసి ఉంటాయి. చదివేవాళ్లకు అన్నీ ఒకటే అనిపిస్తాయి. విడుదలై, గెజిట్‌లో నోటిఫై అయిన రకాలు ఒక దశ. రైతుల పొలాల్లో మినీకిట్లుగా తిరుగుతున్నవి ఇంకో దశ. స్థానం లోపలి మడుల్లో ఉన్నవి, "వచ్చే ఏడాది చేపడతాం" అన్నవి మూడో దశ. మొదటి దశవి వేసుకోవచ్చు, రెండో దశవి గుంటల లెక్కన చూసుకోవచ్చు, మూడోవి తెలుసుకుని ఊరుకోవాలి. నివేదికలో "ఆశాజనకం" అన్న మాట కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ రెండో దశ లేదా మూడో దశ సంగతే.

ఒక వరి రకం బయటికి రావడానికి ఎందుకంత కాలం పడుతుందో తెలిస్తే ఈ తేడా తేలిగ్గా పట్టుబడుతుంది. రెండు రకాలను సంకరం చేశాక గింజ, ఎత్తు, కాలం అన్నీ స్థిరపడడానికి ఆరేడు తరాలు పెంచాలి. ఏడాదికి రెండు పంటలు తీసినా మూడు నాలుగేళ్లు. తర్వాత స్థానంలో దిగుబడి పరీక్షలు. ఆ తర్వాత కూనారం, జగిత్యాల, రుద్రూర్, కంపాసాగర్, రాజేంద్రనగర్ లాంటి వేరే కేంద్రాల్లో ఏకకాలంలో పరీక్ష. అఖిల భారత పరీక్షల్లోకి వెళ్తే దానికి ఐఈటీ నంబరు, అంటే ఆ పరీక్షల్లో గుర్తు సంఖ్య, వస్తుంది. అక్కడ ఐవీటీ, ఏవీటీ-1, ఏవీటీ-2 అనే మూడు దశల పరీక్షలకు కనీసం మూడేళ్లు. రాష్ట్రంలో రైతుల దగ్గర మినీకిట్లు రెండు మూడేళ్లు. అప్పుడు రాష్ట్ర రకాల విడుదల కమిటీ ముందుకు, అక్కణ్నుంచి 1966 విత్తన చట్టం కింద కేంద్రం నోటిఫికేషన్‌కు. మొత్తం దాదాపు పదేళ్లు. కాబట్టి ప్రణాళికలో "ఉల్లికోడును, ఎండాకు తెగులును కలిపి తట్టుకునే సన్నాల కోసం కొత్త సంకరాలు" అని ఉంటే (ఉల్లికోడు పిలకను ఉల్లి గొట్టంలా మార్చే పురుగు), అది మీ అబ్బాయి వేసే పంట అనుకోండి.

2025 మే 4న ప్రకటించిన జన్యు సవరణ వరి కూడా ఇలాంటిదే. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరిని సవరించి డీఆర్ఆర్ ధాన్ 100 (కమల) తయారు చేసింది, సాంబ కన్నా ముందే కోతకొస్తుంది అన్నారు. ప్రకటన వచ్చిన వారానికే "కమల విత్తనం ఎక్కడ దొరుకుతుంది" అని అడిగినవాళ్లు చాలామంది. ప్రకటనకు, బస్తాకు మధ్య బ్రీడర్ విత్తనం, మూల విత్తనం, ధ్రువీకరణ విత్తనం అనే మెట్లు ఉంటాయి. మెట్టుకు కనీసం ఒక పంటకాలం పోతుంది. ఎవరైనా సంచి విప్పి "ఇదే కమల" అంటే ట్యాగ్ చూపించమనండి, అంతే.

ఇప్పుడు మీ 11 శాతం సంగతి. పట్టిక దొరికితే ఈ క్రమంలో చూడండి.

చెక్ రకం ఏది? ఇదే అసలు ప్రశ్న. 125 రోజుల సన్న కల్చర్‌ను ఎంటీయూ 1010తో పోల్చి ఉంటే మీకు ఉపయోగం తక్కువ, మీరు 1010 వేయడం లేదు కాబట్టి. బీపీటీ 5204 (సాంబ మసూరి) తో పోల్చి ఉంటే పంటకాలం చూడాలి: బీపీటీ వానాకాలంలో దాదాపు 150 రోజులు, కల్చర్ 125 అయితే దిగుబడి సమానంగా వచ్చినా కల్చర్‌దే గెలుపు, నాలుగైదు తడులు మిగులుతాయి. తెలంగాణ సోనా (ఆర్ఎన్ఆర్ 15048) తో పోల్చి, అదే కాలంలో 11 శాతం ఎక్కువ వచ్చిందంటే అప్పుడు చెవి పెట్టి వినాలి. ఇంకో చిక్కు ఉంది. ఆ ఏడాది చెక్ రకానికి తెగులు సోకి ఉంటే శాతం ఉబ్బిపోతుంది. బీపీటీకి అగ్గితెగులు గట్టిగా వచ్చిన ఏడాది ఏ రకం పక్కన పెట్టినా అది గొప్పగానే కనిపిస్తుంది. చెక్ దిగుబడి అంకె మీ ప్రాంతంలో మామూలుగా వచ్చేదానికి దగ్గరగా ఉందా చూడండి. మరీ తక్కువుంటే ఆ శాతాన్ని పక్కన పెట్టండి.

హెక్టారు లెక్కను ఎకరాకు మార్చండి. నివేదికలో అంకెలు హెక్టారుకు కిలోల్లో ఉంటాయి. 2.47తో భాగించాలి. హెక్టారుకు 6,500 కిలోలంటే ఎకరాకు 26.3 క్వింటాళ్లు, 75 కిలోల బస్తాల్లో 35. అది పరీక్ష మడిలో, కోత నష్టం లేకుండా, తేమ సరిచేసి తీసిన అంకె. పొలం మొత్తం మిషన్‌తో కోస్తే, గట్లు, కాలిబాటలు, రాలిన గింజ పోను, అంతకన్నా తక్కువే కాంటా మీదికి వస్తుంది.

సీడీ అనే వరుస చూడండి. పట్టిక అడుగున సీడీ, సీవీ అని రెండు అంకెలు ఉంటాయి. జనం వదిలేసేవి అవే. సీడీ అంటే రెండు రకాల మధ్య కనీసం అంత తేడా ఉంటేనే నిజమైన తేడా అని నమ్మాలి, అంతకన్నా తక్కువైతే నేల హెచ్చుతగ్గుల వల్ల కూడా వచ్చి ఉండొచ్చు. ఉదాహరణకు చెక్ 6,100, కల్చర్ 6,450, సీడీ 480 అనుకోండి. తేడా 350. శాస్త్రం లెక్కన రెండూ సమానమే, నివేదిక వాక్యంలో మాత్రం "దాదాపు 6 శాతం అధికం" అని వస్తుంది. అబద్ధం కాదు, కానీ దాన్ని నమ్మి విత్తనం మార్చడం దండగ. సీవీ అంటే పరీక్ష ఎంత ఒడిదుడుకుల్లో జరిగిందన్నది. వరిలో అది 15 దాటుతుంటే ఆ కేంద్రం అంకెలను నేనైతే ఆచితూచి చూస్తాను.

ఎన్ని కేంద్రాలు, ఎన్ని కాలాలు? సగటు కాకుండా కేంద్రాల వారీగా చూడండి. ఐదు కేంద్రాల్లో ఒక్కచోట 30 శాతం, మిగతా నాలుగింట ఐదారు శాతం ఉంటే సగటు 10 దాటుతుంది. మీకు కావాల్సింది మీ నేలకు దగ్గరగా ఉన్న కేంద్రం అంకె. వానాకాలం, యాసంగి వేరువేరుగా ఇచ్చారా అన్నదీ ముఖ్యం. మన ఉత్తర జిల్లాల్లో యాసంగి నారు డిసెంబరు, జనవరి చలికి ఎర్రబారి ఎదగక ఆగిపోతుంది, గింజ ఏప్రిల్ ఎండలో గట్టిపడుతుంది. వానాకాలంలో ఆడిన రకం యాసంగిలో నూక అయిపోవడం మామూలే.

ఉల్లికోడు గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర వరి కల్చర్‌ను గెలిపించేదీ ఓడించేదీ చాలాసార్లు ఇదే. నివేదికలో "ఉల్లికోడును తట్టుకుంటుంది" అని ఒక్క మాట ఉంటుంది. ఎక్కడి ఉల్లికోడును? ఈ పురుగులో బయోటైపులు, అంటే వేర్వేరు తెగలు, ఉన్నాయి. జగిత్యాల ప్రాంతంలో ఉన్నది బయోటైప్ 3, వరంగల్‌లో ఉన్నది 4ఎం. చూడ్డానికి ఒకే దోమ, ఒకే గొట్టం. కానీ ఒకదాన్ని తట్టుకునే జన్యువు రెండోదాని ముందు నిలవకపోవచ్చు. జగిత్యాల పొలాసలో శుభ్రంగా ఉన్న కల్చర్ నర్సంపేటలో పిలకకు పిలక ఉల్లి గొట్టాలై నిలబడొచ్చు. కాబట్టి ఆ మాట పక్కన ఏ కేంద్రం పేరుందో చూడండి. వరంగల్ అనో, వరంగల్ కీటక విభాగం అనో లేకపోతే మీకది తట్టుకుంటుందని లెక్క కాదు. తెలంగాణ సోనా అగ్గితెగులును బాగానే ఓర్చుకుంటుంది కానీ ఉల్లికోడుకు లొంగుతుంది. వరంగల్ నుంచే వచ్చిన సిద్ధి (డబ్ల్యూజీఎల్ 44) ఉల్లికోడును ఓర్చుకుంటుంది కానీ కాలం 140 రోజుల దాకా పోతుంది. ఏదీ ఊరికే రాదు. ఇక రకం ఏదైనా నాట్లు ఆగస్టు మధ్యకు జారితే ఉల్లికోడు పట్టు పెరుగుతుంది. చెరువు నిండేదాకా ఆగి ఆలస్యంగా నాటే అలవాటుంటే, పట్టికలో ఏమున్నా మీకది అక్కరకు రాదు.

ఎరువుల లెక్క కూడా ఒకసారి సరిచూసుకోండి. పరీక్ష మడుల్లో సాధారణంగా ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 భాస్వరం, 16 పొటాష్ చొప్పున వేస్తారు. డీఏపీ ఒక బస్తా, యూరియా రెండు బస్తాలకు కొంచెం తక్కువ, పొటాష్ సగం బస్తా చిల్లర. మన పొలాల్లో డీఏపీ రెండు, యూరియా మూడు నాలుగు పడడం మామూలు. ఆ మోతాదులో సన్న కాండం ఉన్న కల్చర్ పొట్టదశ దాటగానే పడిపోతుంది, దోమపోటు గుంపులుగా దిగుతుంది. తర్వాత "యూనివర్సిటీ రకం పడిపోయింది" అంటారు.

ఇప్పుడు ఆ ఆరు గుంటలు ఎలా వేయాలో. ఇది సరిగ్గా చేస్తే మీ పొలానికి ఏ నివేదికా ఇవ్వని జవాబు వస్తుంది. సరిగ్గా చేయకపోతే కొత్తదాన్ని మంచి మూలలో వేసి మురిసిపోవడమే అవుతుంది. మినీకిట్లలో ఎక్కువగా జరిగేది కూడా అదే.

మడి ఎంపికతో మొదలుపెట్టండి. సమంగా దమ్ము అయిన మడి కావాలి. నీళ్లు దిగే మూల వద్దు, అక్కడ ఒండ్రు, చల్లదనం రెండూ ఎక్కువ. చెట్టు నీడ, పాత కల్లం, పెంటకుప్ప పోసిన చోటు వద్దు. మడిలో 4 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల పొడవు పట్టీలు ఆరు గీయండి. ఒక్కో పట్టీ ఒక గుంట. మొదటిది కొత్తది, రెండోది పాతది, తర్వాత పాతది, కొత్తది, మళ్లీ కొత్తది, పాతది. ఇలా పక్కపక్కన జతలుగా ఉంటే నేల తేడా రెండింటికీ సమానంగా పడుతుంది. అన్నిచోట్లా కొత్తది ఎడమపక్కే పెట్టకండి, మడి ఒకవైపు వాలి ఉంటే లెక్క తప్పుతుంది. పట్టీకి పట్టీకి మధ్య 30 సెంటీమీటర్ల బాట, రెండు చివర్లా వెదురు కర్ర పాతి పెయింట్‌తో గుర్తు. అట్టముక్క మీద పెన్నుతో రాస్తే రెండు వానలకు పోతుంది.

విత్తనం లెక్క: ఎకరాకు 25 కిలోల చొప్పున మూడు గుంటలకు 1.9 కిలోలు. రెండు కిలోలు చాలు. నారుమడి ఎకరాకు రెండు గుంటల లెక్కన ఒక్కో రకానికి 15 చదరపు మీటర్లు సరిపోతుంది. రెండు రకాలూ ఒకే రోజు, ఒకే నారుమడిలో మధ్యన చిన్న ఒడ్డు పెట్టి పోయండి. మీ పాత రకం విత్తనం కూడా మంచిదే వాడాలి. మూడేళ్లుగా ఇంట్లోదే వాడుతూ బెరుకులతో (వేరే రకం గింజలతో) నిండినదాన్ని పోటీకి పెడితే కొత్తది ఊరికే గెలుస్తుంది.

ముందు మొలక చూసుకోండి. వంద గింజలు తడి గోనెసంచిలో చుట్టి వారం తర్వాత లెక్కపెట్టాలి. 80కి తగ్గితే ఆ విత్తనం వద్దు. యాసంగిలో కోసిన వడ్లను వెంటనే వానాకాలానికి వాడితే కొన్ని రకాల్లో నిద్రావస్థ ఉంటుంది, మొలక రాదు. లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి, కిలో విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కడితే (మొలకకు మూట కడితే) ఆ నిద్ర పోతుంది. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు. ప్లాస్టిక్ బకెట్, చేతులకు తొడుగు తప్పనిసరి.

నారు 21 నుంచి 25 రోజుల వయసులో రెండూ ఒకే పూట నాటించండి. వరుసకు 20, మొక్కకు 15 సెంటీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 33 కుదుళ్లు. కూలీల గుంపు ఒక జత పట్టీలను పూర్తిచేశాకే రెండో జతకు వెళ్లాలి. ఒక పట్టీ పొద్దున ఒకరు, ఇంకోటి సాయంత్రం ఇంకొకరు నాటితే ఒత్తు మారిపోతుంది. ఆ తర్వాత ఎరువు, కలుపు, మందు, తడి, అన్నీ ఆరు పట్టీలకూ ఒకటే. కొత్తదని ముద్దు చేయొద్దు.

మధ్యలో రాసుకోవాల్సినవి కొన్నే. నాటిన 30, 45 రోజులకు ఒక్కో పట్టీలో 20 కుదుళ్లు పట్టి మొత్తం పిలకలు, వాటిలో ఉల్లి గొట్టాలు ఎన్నో లెక్కపెట్టండి. గొట్టం తెల్లగా వెండి రంగులో ఉల్లికాడలా ఉంటుంది, లోపల బోలుగా ఉంటుంది. మొగిపురుగు చంపిన మొవ్వు లాగితే వచ్చేస్తుంది, అది ఎండి గోధుమ రంగులో ఉంటుంది. రెండింటినీ కలిపి లెక్కేస్తే రకం మీద లేనిపోని నింద పడుతుంది. సగం కంకులు బయటపడ్డ తేదీ రాయండి, దానికి 30 రోజులు కలిపితే దాదాపు కోత తేదీ. గాలివాన వచ్చిన మరునాడు ఏ పట్టీ ఎంత వాలిందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, వారం తర్వాత గుర్తుండదు.

కోతకు మిషన్ పనికిరాదు, ఇంత చిన్న పట్టీలకు తొట్టి ఖాళీ కాదు, రెండు రకాలూ కలిసిపోతాయి. ప్రతి పట్టీ నడుమ రెండున్నర మీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవు తాళ్లతో కొలిచి కొడవలితో కోయించండి. 25 చదరపు మీటర్లు వస్తుంది. చుట్టూ అంచు వరుసలు వదిలేయాలి, అంచు మొక్కకు వెలుతురు ఎక్కువ అందుతుంది కాబట్టి అది దిగుబడిని పెంచి చూపిస్తుంది. అదే రోజు పరదా మీద కొట్టించి, తాలు ఎగరబోసి, తూకం వేసి, తేమ మిషన్‌లో తేమ చూడండి. కొనుగోలు కేంద్రం వాళ్లను అడిగితే చూసి చెప్తారు.

లెక్క: తూకాన్ని (100 – తేమ)తో గుణించి 86తో భాగిస్తే 14 శాతం తేమ దగ్గర బరువు. దాన్ని 162తో గుణిస్తే ఎకరాకు కిలోలు. ఉదాహరణకు 16.4 కిలోలు, తేమ 21 అయితే 16.4 × 79 ÷ 86 = 15.06 కిలోలు, ఎకరాకు 2,440 కిలోలు, అంటే 24.4 క్వింటాళ్లు. తేమ సరిచేయకుండా పోల్చొద్దు. ఆలస్యంగా పండే రకం పచ్చిగా ఎక్కువ తూగుతుంది, అక్కడే చాలామంది మోసపోతారు.

మూడు జతల్లోనూ కొత్తదే గెలిచి, తేడా ఎకరాకు రెండు క్వింటాళ్లు దాటితే దాన్ని నమ్మొచ్చు. రెండు జతల్లో గెలిచి ఒకదాంట్లో ఓడితే ఇంకో కాలం చూడాలి. తేడా క్వింటా, క్వింటన్నర అయితే సమానమే అనుకోండి. అప్పుడు కాలం, పడిపోవడం, ఉల్లికోడు, మిల్లులో బియ్యం, వీటిని బట్టి తేల్చుకోండి.

మిల్లు విషయం చాలామంది వదిలేస్తారు. ఐదు కిలోల వడ్లు 13, 14 శాతం తేమకు నీడలో ఆరబెట్టి మర పట్టించండి. కిలో వడ్లకు 650 నుంచి 700 గ్రాముల బియ్యం రావాలి, అందులో నూక ఎంతో జల్లెడ పట్టి తూకం వేయండి. ప్రభుత్వం మిల్లర్ దగ్గర పచ్చి బియ్యానికి 67 శాతం లెక్కన తీసుకుంటుంది. మీ కల్చర్ నూక ఎక్కువైతే మిల్లర్ దించుకునేటప్పుడు ఆ నష్టాన్ని తరుగు రూపంలో మీ మీదికే తోస్తాడు. ఇంకోటి, 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఉంది కదా. దానికి గింజ కొలతలున్నాయి: పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు, పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 పైన. నివేదికలో "సన్నగింజ" అన్నంత మాత్రాన కేంద్రంలో ఒప్పుకోరు, కొలిచి చూస్తారు. పేరు లేని కల్చర్ అయితే వాదన ఇంకా ఎక్కువ. కోసేముందే పది గింజల పొట్టు తీసి ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర కొలిపించుకోండి.

ఇక ప్రణాళికలోని మిగతావి.

అధిక సాంద్రత పత్తి గురించి రాశారు. వరి ఒక్కటే వేసే మీకు అవసరం లేకున్నా, చదివే మిగతావాళ్ల కోసం: ఇది చల్కా, తేలికపాటి ఎర్రనేలలకు సరిపోతుంది. 90 × 15 సెంటీమీటర్లలో ఎకరాకు దాదాపు 30 వేల మొక్కలు. విత్తనం మామూలు కన్నా రెండున్నర, మూడు రెట్లు పడుతుంది. 45, 60 రోజులకు లీటరు నీటికి ఒక మిల్లీలీటరు మెపిక్వాట్ క్లోరైడ్ కొట్టి ఎదుగుదల ఆపకపోతే మొక్క గుబురై కింది కాయలు కుళ్లుతాయి. లోతు నల్లరేగడిలో, వాన ఎక్కువైన ఏడాది ఇది గాడి తప్పుతుంది. గెలిచేది తొందరగా ఏరేసి డిసెంబరుకల్లా పొలం ఖాళీ చేసినవాళ్లే; గులాబీ పురుగు చివరి కాయల మీదే బతుకుతుంది కాబట్టి. జనవరి, ఫిబ్రవరి దాకా ఆఖరి ఏరుడు కోసం ఉంచేవాళ్లకు ఒత్తుగా వేసిన లాభమంతా పురుగే తింటుంది.

మిర్చి నల్ల తామరపురుగు మీద పరిశోధన ఇంకా మొదటి మెట్ల మీదే ఉంది. 2021–22లో వచ్చిన ఆ పురుగుకు ఒక్క మందుతో తేలే పరిష్కారం ఏ ప్రణాళికలోనూ కనపడదు, కనపడితే అనుమానించండి.

ప్రణాళికను మీవైపు తిప్పుకునే దారి ఒకటుంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం మధ్య తెలంగాణ మండలానికి, జగిత్యాల పొలాస స్థానం ఉత్తర తెలంగాణ మండలానికి కేంద్రాలు. కాలం మొదలయ్యేముందు, ఏడాదికి రెండుసార్లు, మండల పరిశోధన విస్తరణ సలహా మండలి సమావేశాలు జరుగుతాయి. వచ్చే కాలం ఏ పరీక్షలు ఏ ఊళ్లలో పెట్టాలో అక్కడ మాట్లాడుకుంటారు. నర్సంపేట వరంగల్ కిందికి వస్తుంది. మీ ఏరువాక కేంద్రం (జిల్లాలో వ్యవసాయ యూనివర్సిటీ సలహా కేంద్రం) శాస్త్రవేత్తకు సమావేశానికి నెల ముందే కాగితం మీద రాసివ్వండి: ఊరు, నేల రకం, నీటి వసతి, ఏ రకం, ఏ సమస్య, ఎన్నేళ్లుగా. "మా ఊళ్లో వరికి పురుగొస్తుంది" అంటే ఎవరూ ఏం చేయలేరు. "ఆగస్టు పదో తేదీ తర్వాత నాటిన సోనాలో నూరు పిలకలకు ఇన్ని ఉల్లి గొట్టాలు" అంటే అది పరీక్షగా మారే అవకాశం ఉంది. మీ ఆరు గుంటల లెక్క ఉంటే ఇంకా మేలు. వచ్చే ఏడాది మినీకిట్ మీ మడికే రావచ్చు, విత్తనం ఉచితం.

ఊళ్లో ఆయన ఇస్తానన్న విత్తనం విషయం. రైతు రైతుకు బ్రాండు లేకుండా విత్తనం ఇవ్వడం, అమ్మడం 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం తప్పు కాదు. కానీ మొలవకపోయినా, బెరుకులు వచ్చినా మీకు అడిగే చోటు ఉండదు. ట్యాగ్ ఉన్న విత్తనం అలా కాదు: బ్రీడర్‌కు బంగారు పసుపు, మూల విత్తనానికి తెలుపు, ధ్రువీకరణ విత్తనానికి నీలం రంగు ట్యాగ్ ఉంటుంది, లాట్ నంబరు ఉంటుంది, రసీదు ఉంటుంది. ట్యాగును, రసీదును కోతదాకా దాచుకోవాలి. ఆయన దగ్గర రెండు కిలోలే తీసుకోండి, అది మినీకిట్ నుంచి వచ్చిందా, ఎవరి దగ్గర ఎన్ని చేతులు మారిందో అడగండి. రెండు చేతులు దాటితే అది ఆ కల్చరేనని చెప్పడం కష్టం. వీలైతే ఏరువాక కేంద్రం ద్వారానే తెచ్చుకోండి.

మూడు జతలూ గెలిస్తే విత్తనం కూడా ఆ పట్టీల నుంచే తీసుకోవచ్చు. పూత దశలో ఒకసారి, పాలు పోసుకునేటప్పుడు ఒకసారి, కోతకు వారం ముందు ఒకసారి దిగి, ఎత్తు తేడా ఉన్నవి, గింజ రంగు తేడా ఉన్నవి కుదురుతో సహా పీకేయండి. పక్క పట్టీకి ఆనుకున్న అంచు వరుసలు విత్తనానికి వాడొద్దు. మూడు గుంటల్లో 150 కిలోల పైన వడ్లు వస్తాయి. మధ్య వరుసల నుంచి 60 కిలోలు వేరుగా కొట్టించి, 13 శాతానికి ఆరబెట్టి, కొత్త గోనెసంచిలో పోసి, పేరు, తేదీ రాసిన చీటీ ఒకటి లోపల, ఒకటి బయట పెట్టండి. రెండెకరాలకు సరిపోతుంది. మిగతా నాలుగెకరాలు ఆ ఏడాది కూడా పాత రకమే ఉండనివ్వండి.